అన్నయ్య 480పీ, చెల్లి 360పీ: మీ వీడియో క్వాలిటీ ఎవరి చేతిలో ఉంది?

 

ఈ ఎపిసోడ్ నేను ప్లాన్ చేసుకున్నది కాదు. ఒకే వారంలో ఇంట్లోవాళ్ల నుంచి రెండు కంప్లైంట్లు వచ్చాయి. రెండూ వీడియో సరిగ్గా కనపడట్లేదనే. ఒకటి డల్లాస్ నుంచి, ఇంకోటి పల్నాడులో మా ఊరి నుంచి.

మొదటిది మా పెద్దమ్మ కొడుకు పంపాడు. వాట్సాప్‌లో రెండు స్క్రీన్‌షాట్లు. ఒకటి స్పీడ్ టెస్ట్: 180 ఎంబీపీఎస్. రెండోది క్రికెట్ హైలైట్స్. బ్యాట్స్‌మన్ ఎవరో పోల్చుకోవచ్చు గానీ కింద స్కోరు అలుక్కుపోయినట్టు ఉంది. దాని కింద మెసేజ్: "ఒరేయ్, నువ్వు ఇంజినీరువి కదా. ఇంత స్పీడ్ ఉండి వీడియో ఇలా ఎందుకొస్తోందో చెప్పు. ఫోన్ మార్చమంటావా?"

రెండోది మా చెల్లి. తను గేట్‌కి ప్రిపేర్ అవుతోంది. ఇంట్లో వైఫై లేదు, ఉన్నదంతా ఫోన్ డేటానే. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఒక ప్రాబ్లమ్ రెండు గంటల నుంచి చేస్తున్నా, ఆన్సర్ రావట్లేదు. నాకు ఈ సబ్జెక్ట్ రాదేమో" అంది. ఆ చివరి మాట అన్నప్పుడు గొంతు కొంచెం తేడాగా ఉంది. నోట్స్ ఫొటో తీసి పంపమన్నాను. చూస్తే స్టెప్స్ అన్నీ కరెక్టే. మొదట్లో ఫార్ములా రాసుకున్నప్పుడే తప్పు జరిగింది. "ఇ పవర్ మైనస్ టి" ఉండాల్సిన చోట "ఇ పవర్ టి" అని ఉంది. మైనస్ లేదు.

సారు తప్పు రాశారేమో అనుకుని హైదరాబాద్‌లో నా ల్యాప్‌టాప్‌లో అదే వీడియో 1080పీలో తెరిచాను. మైనస్ ఉంది. సన్నగా, చిన్నగా, పవర్‌లో ఉంది. "నువ్వు ఏ క్వాలిటీలో చూశావమ్మా?" అని అడిగితే, "360. అప్పటికే 90 శాతం డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చేసింది కదా" అంది. ఆ చిన్న గీత ఆమె స్క్రీన్ మీద లేనే లేదు.

ఎందుకు లేదో సింపుల్ లెక్క. 1080పీలో ఒక ఫ్రేమ్ అంటే 1920 ఇంటు 1080, సుమారు 20 లక్షల 70 వేల చుక్కలు. 480పీలో సుమారు 4 లక్షల 10 వేలు, అంటే ఐదో వంతు. 360పీలో 2 లక్షల 30 వేలు, తొమ్మిదో వంతు. హీరో మొహం తొమ్మిదో వంతు చుక్కల్లో కూడా మీరు గుర్తుపడతారు. బోర్డు మీద పవర్‌లో ఉన్న మైనస్ మాత్రం మిగలదు.

ఇద్దరి సమస్యా పైకి ఒకటే, మసక వీడియో. కారణాలు మాత్రం వేరు. అన్నయ్యకి క్వాలిటీ తగ్గించింది అక్కడి కంపెనీ. చెల్లికి తగ్గించింది చెల్లే, తన వేలితో తనే. కానీ ఆ వేలిని అటు నడిపించింది ఆమె ప్లాన్. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే. వీడియో క్వాలిటీ కూడా మీ ప్లాన్ ధరలో భాగమే. రీఛార్జ్ కార్డు మీద అది రాసి ఉండదు, అంతే.

ముందు అసలు వీడియో మన ఫోన్‌లోకి ఎలా వస్తుందో చూద్దాం. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక వీడియో యాప్ టీమ్‌లో ప్లేయర్ మీద పనిచేశాను. కాబట్టి ఈ ముక్క నాకు బాగా తెలుసు.

మీరు యూట్యూబ్‌లోనో నెట్‌ఫ్లిక్స్‌లోనో ప్లే నొక్కినప్పుడు వీడియో ఒకే ఫైలుగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పెట్టి ఉంటుంది. ప్రతి ముక్కకీ సర్వర్‌లో చాలా కాపీలు ఉంటాయి: 240పీ, 360పీ, 480పీ, 720పీ, 1080పీ అలా. మీ ఫోన్‌లోని ప్లేయర్ ఒక ముక్క తెచ్చుకుని, అది ఎంత సేపట్లో వచ్చిందో కొలుస్తుంది. తొందరగా వస్తే తర్వాతి ముక్క పెద్ద సైజులో అడుగుతుంది. ఆలస్యమైతే చిన్న సైజులో అడుగుతుంది. సెట్టింగ్స్‌లో "ఆటో" అని కనిపిస్తుందే, అదంతా ఇదే.

దీన్నిబట్టి టెలికాం కంపెనీకి ఒక సులువైన దారి దొరుకుతుంది. వాళ్లు మీ వీడియోని ముట్టుకోనక్కర్లేదు. లోపల ఏముందో చూడలేరు కూడా, ఎందుకంటే ఇప్పుడు దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తుంది. కానీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు ఏ సర్వర్‌తో మాట్లాడుతున్నారో ఆ పేరు చాలాసార్లు బయటికి కనిపిస్తుంది. "ఓహో, ఇది వీడియో సర్వర్" అని తెలియగానే ఆ ఒక్క కనెక్షన్‌కి వాల్వు బిగిస్తారు. మిగతా పైపులన్నీ 180 ఎంబీపీఎస్‌తో పారుతుంటాయి, ఈ ఒక్క పైపు మాత్రం ఒకటిన్నర ఎంబీపీఎస్‌కి ఆగుతుంది. ప్లేయర్ పాపం "నెట్ స్లోగా ఉంది" అనుకుని తనంతట తనే 480పీకి దిగుతుంది. మీ స్క్రీన్ మీద మాత్రం "ఆటో" అనే ఉంటుంది. తిట్లు యాప్‌కీ ఫోన్‌కీ పడతాయి.

ఇది నా ఊహ కాదు, అమెరికాలో రికార్డయిన చరిత్ర.

2015 నవంబర్‌లో టీ-మొబైల్ "బింజ్ ఆన్" అని ఒకటి తెచ్చింది. ఆఫర్ వినడానికి బ్రహ్మాండంగా ఉంది. నెట్‌ఫ్లిక్స్, హులు లాంటి కొన్ని సర్వీసుల్లో వీడియో చూస్తే ఆ డేటా మీ ప్లాన్‌లోంచి కట్ అవ్వదు. బదులుగా వీడియో 480పీలో వస్తుంది. జనం సంతోషించారు. అయితే 2016 జనవరిలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ టెస్ట్ చేసి చూస్తే, ఆ ఆఫర్‌లో లేని సైట్ల వీడియోలు కూడా సుమారు ఒకటిన్నర ఎంబీపీఎస్‌కి తగ్గిపోతున్నాయని తేలింది. అంటే ఉచితం కొన్నింటికే, తగ్గింపు మాత్రం అన్నింటికీ. కావాలంటే కస్టమర్ ఆఫ్ చేసుకోవచ్చు. కానీ మొదటి నుంచీ ఆన్‌లోనే పెట్టి ఇచ్చారు. మనలో ఎంతమందిమి సెట్టింగ్స్ తెరిచి చూస్తాం చెప్పండి?

ఇక్కడ ఇంకో ట్విస్ట్ ఉంది. 2016 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ స్వయంగా ఒక విషయం ఒప్పుకుంది. వెరైజన్, ఏటీ అండ్ టీ కస్టమర్లకి చాలా ఏళ్లుగా తామే వీడియోని 600 కేబీపీఎస్‌కి పరిమితం చేస్తున్నామని. వాళ్ల డేటా లిమిట్ తొందరగా అయిపోకూడదని అలా చేశామన్నారు. ఉద్దేశం మంచిదే అనుకుందాం. మరి కస్టమర్‌కి ఒక మాట చెప్పాలి కదా!

తర్వాత 2017 ఆగస్టు. వెరైజన్ తన అన్‌లిమిటెడ్ ప్లాన్‌ని రెండుగా చీల్చింది. ఒక్క లైనుకి నెలకి 75 డాలర్ల ప్లాన్‌లో ఫోన్ మీద వీడియో 480పీ. 85 డాలర్ల ప్లాన్‌లో 720పీ. రెండింటి పేరులోనూ "అన్‌లిమిటెడ్" ఉంది. ఆ రెండు నెలల తర్వాత ఇంకో ఆప్షన్ ఇచ్చారు: నెలకి ఇంకో 10 డాలర్లు కడితే ఈ వీడియో లిమిట్ తీసేస్తాం అని.

ఈ 10 డాలర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. టవర్ మీద లోడ్ ఎక్కువై క్వాలిటీ తగ్గించారనుకోండి, నేను 10 డాలర్లు కట్టగానే ఆ లోడ్ తగ్గిపోతుందా? టవర్ అదే, స్పెక్ట్రమ్ అదే, జనం అదే. అంటే ఈ 480పీ అనేది నెట్‌వర్క్ అవసరం కంటే ఎక్కువగా ధరల మెట్లలో ఒక మెట్టు.

దీన్ని కొలిచినవాళ్లు కూడా ఉన్నారు. బోస్టన్‌లోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు "వీహీ" అనే యాప్ తయారుచేశారు. అది చాలా తెలివైన పని చేస్తుంది. ఒక వీడియో సర్వీస్ ట్రాఫిక్‌ని ఉన్నది ఉన్నట్టు ఒకసారి పంపుతుంది. అదే సైజు డేటాని గుర్తుపట్టలేని విధంగా మార్చి ఇంకోసారి పంపుతుంది. రెండింటి స్పీడ్‌లో తేడా వస్తే, ఎవరో ట్రాఫిక్‌ని గుర్తుపట్టి తగ్గిస్తున్నారన్నమాట. 2018, 2019లో లక్షల కొద్దీ టెస్టులు చేసి వాళ్లు చెప్పింది ఏమిటంటే, అమెరికా మొబైల్ కంపెనీలు వీడియోని రద్దీ ఉన్నప్పుడే కాదు, రాత్రీ పగలూ తేడా లేకుండా తగ్గిస్తున్నాయని.

అమెరికాలో దీనిమీద రూల్స్ కూడా గోడ గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగాయి. 2015లో నెట్ న్యూట్రాలిటీ రూల్స్ వచ్చాయి. 2017 డిసెంబర్‌లో వాటిని తీసేయాలని ఓటు వేశారు. 2024 ఏప్రిల్‌లో మళ్లీ తెచ్చారు. 2025 జనవరి 2న ఫెడరల్ అప్పీల్స్ కోర్టు కొట్టేసింది. కాలిఫోర్నియాకి సొంత చట్టం ఉంది. టెక్సాస్‌లో ఉన్న మా అన్నయ్యకి అది వర్తించదు.

సరే, అన్నయ్య కేసు ఎలా తేలిందో చెప్తాను. ముందు ఫాస్ట్ డాట్ కామ్ తెరవమన్నాను. అది నెట్‌ఫ్లిక్స్ వాళ్లదే, వాళ్ల వీడియో సర్వర్ల నుంచే స్పీడ్ కొలుస్తుంది. మామూలు స్పీడ్ టెస్ట్‌లో 180 వచ్చిన ఫోన్‌లో ఇక్కడ రెండు కూడా రాలేదు. తర్వాత వీపీఎన్ ఆన్ చేసి అదే హైలైట్స్ చూడమన్నాను. వీపీఎన్ ఉంటే ఏ సర్వర్‌కి వెళ్తున్నారో కంపెనీకి కనపడదు కదా. వెంటనే హెచ్‌డీలోకి ఎక్కింది, స్కోరు స్పష్టంగా వచ్చింది. చివరగా ప్లాన్ పేజీలో కింద సన్న అక్షరాల్లో ఉన్నది చదవమన్నాను. అక్కడ ఉంది: వీడియో 480పీ. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. "నెలకి కొంచెం ఎక్కువ పెడితే హెచ్‌డీ ఇస్తారటరా. మ్యాచ్ ఇంట్లో వైఫైలో చూసుకుంటాలే" అని నవ్వేశాడు.

అన్నయ్యకి ఆ అవకాశం ఉంది. చెల్లికి లేదు. అందుకే ఇప్పుడు ఊరికి వద్దాం.

మన దేశంలో పరిస్థితి వేరు. 2015లో నెట్ న్యూట్రాలిటీ కోసం ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. నేనప్పుడు కాలేజీలో కొత్తగా చేరాను. హాస్టల్‌లో అందరం ఒకరి తర్వాత ఒకరం పంపాం, సగం మందికి అదేంటో కూడా తెలీదు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ రూల్ ఇచ్చింది: కంటెంట్‌ని బట్టి వేర్వేరు డేటా ధరలు పెట్టకూడదని. ఫేస్‌బుక్ "ఫ్రీ బేసిక్స్" ఆగింది ఆ దెబ్బకే. 2018లో టెలికాం శాఖ నెట్ న్యూట్రాలిటీ సూత్రాలని ఆమోదించింది. కంటెంట్ ఏంటో చూసి కొన్నింటినే స్లో చేయకూడదు అన్నది అందులో ముఖ్యమైన మాట. అంటే బింజ్ ఆన్ లాంటి ఆఫర్ మన దగ్గర కుదరదు. ఇది మనం గెలుచుకున్నదే, చిన్న విషయం కాదు.

ధర సంగతీ అంతే. 2016 సెప్టెంబర్‌లో జియో రాకముందు నెలకి ఒక జీబీకి రెండొందల యాభై దాకా పెట్టినవాళ్లం మనం. ఆ తర్వాత రేట్లు ఎలా పడ్డాయో మీకు తెలుసు. ఇప్పటికీ ప్రపంచంలో చవకగా డేటా దొరికే దేశాల్లో మనది ఒకటి.

మరి చెల్లికి మైనస్ ఎందుకు కనపడలేదు? ఎందుకంటే మన దగ్గర లిమిట్ వీడియో మీద ఉండదు, రోజు మీద ఉంటుంది.

లెక్క చూద్దాం. ఒక ఫార్ములా రాసుకోండి: ఎంబీపీఎస్‌ని 0.45తో గుణిస్తే గంటకి ఎన్ని జీబీలో వస్తుంది. 480పీకి సుమారు 1.5 ఎంబీపీఎస్ అనుకుంటే గంటకి 0.67 జీబీ. 720పీకి 2.5 అనుకుంటే 1.1 జీబీ. 1080పీకి 5 అనుకుంటే 2.25 జీబీ. యాప్‌ని బట్టి, వీడియోని బట్టి ఇవి కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఇప్పుడు రోజుకి 1.5 జీబీ ప్లాన్ తీసుకోండి. 1080పీలో 40 నిమిషాలు. 720పీలో గంటా ఇరవై నిమిషాలు. 480పీలో రెండు గంటల పైచిలుకు. చెల్లి రోజుకి నాలుగు గంటల క్లాసులు వింటుంది. ఇంక ఏ క్వాలిటీలో చూస్తుంది మీరే చెప్పండి. ప్లాన్ ఆమెకి ఎక్కడా "360పీ" అని చెప్పలేదు. లెక్క మాత్రం అక్కడికే తీసుకెళ్లింది.

ధర కూడా చూద్దాం. 2024 జూలైలో మూడు పెద్ద ప్రైవేట్ కంపెనీలూ ఒకేసారి రేట్లు పెంచాయి. జియోలో రోజుకి 1.5 జీబీ, 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299 అయింది. 28 రోజులకి 42 జీబీ, అంటే జీబీకి 7 రూపాయల చిల్లర. చవకే. కానీ రోజు కోటా అయిపోయాక యాడ్-ఆన్ వేసుకుంటే అదే పెంపు తర్వాత ఒక జీబీ 19 రూపాయలు. అదే నెట్, అదే టవర్, రేటు మాత్రం రెండున్నర రెట్లకు పైన. ఇంకోపక్క ఊళ్లో పండగనాడో పెళ్లికి వెళ్లిన రోజో చెల్లి అసలు ఫోన్ తెరవదు. ఆరోజు మిగిలిన డేటా రాత్రి పన్నెండుకి పోతుంది. సంతలో మిగిలిన కూరగాయలన్నా మర్నాడు వండుకోవచ్చు, ఈ డేటా మాత్రం ఉండదు.

28 రోజుల సంగతి మీకు తెలిసిందే. ఏడాదికి 12 రీఛార్జులు అనుకుంటాం, 13 అవుతాయి. 299 చొప్పున 3,887 రూపాయలు. కనీసం ఒక ప్లానైనా 30 రోజులది ఉండాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశం ఇచ్చింది. కాబట్టి యాప్‌లో వెతకండి, ఉంటుంది. ముందు వరసలో మాత్రం కనిపించకపోవచ్చు.

"కోటా అయిపోయినా నెట్ ఆగదు కదా, 64 కేబీపీఎస్ వస్తుంది కదా" అంటారు కొందరు. వస్తుంది. 480పీలో ఒక్క నిమిషం వీడియో దాదాపు 11 ఎంబీ. 64 కేబీపీఎస్‌లో అది దిగడానికి 23 నిమిషాలు పడుతుంది. ఒక నిమిషం పాఠానికి ఇరవైమూడు నిమిషాలు! ప్లాన్ పేరులో ఉన్న "అన్‌లిమిటెడ్" కాల్స్‌కి. డేటాకి ఆ మాట ఇదుగో ఇలా వర్తిస్తుంది.

ఇంకోటి, అన్‌లిమిటెడ్ 5జీ. 2024 పెంపు తర్వాత జియో, ఎయిర్‌టెల్‌లలో అది రోజుకి 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్లకే ఇచ్చారు. దానికి 5జీ ఫోన్ ఉండాలి, 5జీ సిగ్నల్ ఉండాలి. హైదరాబాద్‌లో ఇంట్లో ఫైబర్, ఆఫీసులో వైఫై ఉన్న నాకు దారిలో మెట్రోలో కూడా అన్‌లిమిటెడ్ 5జీ ఉంది. 4జీ ఫోన్‌తో, మా ఊళ్లో ఒకటి రెండు గీతల సిగ్నల్‌తో, ఆ డేటా మీదే చదువుకునే చెల్లికి లేదు. నాకు అదే ప్లాన్ నిజంగా అన్‌లిమిటెడ్, తనకి రోజు కూలీ లెక్క.

కంపెనీల వైపు మాట కూడా వినాలి. ఒక టవర్ కింద ఉన్నవాళ్లంతా ఒకే స్పెక్ట్రమ్ పంచుకుంటారు. మొబైల్ డేటాలో ఎక్కువ భాగం వీడియోనే. ఆరు అంగుళాల స్క్రీన్ మీద సినిమా పాట చూసేవాడికి 480కీ 1080కీ పెద్ద తేడా తెలీదన్నదీ నిజమే. అందరూ ఊరికే 1080పీ పెట్టేస్తే పక్కవాడి వీడియో కాల్ తెగిపోతుంది. పొదుపు చేయమనడంలో నాకు అభ్యంతరం లేదు.

నిజానికి మనం ఒకసారి అందరం కలిసి పొదుపు చేశాం. గుర్తుందా? 2020 మార్చి, లాక్‌డౌన్. ఊరు ఊరంతా ఇళ్లల్లోంచే నెట్ మీద పడింది. టెలికాం కంపెనీల సంఘం కోరితే, మార్చి 24న వీడియో కంపెనీలన్నీ కలిసి మొబైల్ నెట్‌వర్క్‌ల మీద 480పీ దాటకూడదని ఒప్పుకున్నాయి, ఏప్రిల్ 14 వరకు. యూరప్‌లో కూడా నెట్‌ఫ్లిక్స్ 30 రోజులపాటు తన ట్రాఫిక్‌ని పావు వంతు తగ్గించింది. నేను అప్పుడు మా ఊళ్లో డాబా మెట్ల మీద కూర్చుని ఆఫీసు కాల్స్ మాట్లాడుతున్నాను, చెల్లి పక్కన ఆన్‌లైన్ క్లాసులు వింటోంది. వీడియో మసకబారిందని మాకు కోపం రాలేదు. ఎందుకంటే కారణం చెప్పారు, అందరికీ ఒకేలా చేశారు, ఫలానా తేదీ వరకే అన్నారు.

నేను అడిగేది ఆ మూడే. కారణం చెప్పండి, అందరికీ ఒకేలా చేయండి, ఎప్పటివరకో చెప్పండి. అమెరికా 480పీలో ఈ మూడూ లేవు. మన రోజు కోటాలో మొదటిది కూడా లేదు. నెలకి 42 జీబీ అమ్మినప్పుడు, ఆ 42 నాకు ఇష్టమైన రోజున ఎందుకు వాడుకోకూడదు? ఈ ప్రశ్న రీఛార్జ్ చేసే ప్రతి ఒక్కరూ అడగాల్సిందే. నెలంతటికీ కలిపి డేటా ఇచ్చే ప్లాన్లు కొన్ని ఉన్నాయి. కానీ జీబీ లెక్కన చూస్తే అవి రోజు కోటా ప్లాన్ల కంటే చాలా ఖరీదు.

ఇప్పుడు మీరు ఈ రాత్రే చేసుకోగలిగినవి చెప్తాను. చెల్లి ఫోన్‌లో మేం చేసినవే ఇవి.

ఒకటి. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌కి "డేటా సేవర్" పెట్టాం. పాటలు, కామెడీ, వార్తలు అన్నీ అందులోనే. పాఠం వచ్చినప్పుడు మాత్రం ఆ ఒక్క వీడియోకి చేత్తో 720పీ పెట్టుకుంటుంది. అన్నింటికీ ఒకే క్వాలిటీ అనేది మానేశాం.

రెండు. సారు మాట్లాడుతున్నంతసేపూ 240పీ చాలు. బోర్డు నిండాక వీడియో ఆపి, క్వాలిటీ 1080పీకి పెంచి, ఒక పది సెకన్లు ప్లే చేసి, స్క్రీన్‌షాట్ తీసుకుని మళ్లీ తగ్గించడం. 5 ఎంబీపీఎస్‌లో పది సెకన్లంటే 6 ఎంబీ చిల్లర. ప్లేయర్ కొంచెం ముందుకి కూడా దించుకుంటుంది, ఇంకాస్త వేసుకోండి. అయినా గంటకి ఎనిమిది బోర్డులు తీసినా తట్టుకుంటుంది.

మూడు. రాత్రి పదకొండున్నరకి అలారం. ఆరోజు మిగిలిన డేటాతో మర్నాటి క్లాసు యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవడం. పన్నెండుకి పోయే డేటా పొద్దున పాఠం అవుతుంది.

నాలుగు. గ్రూప్‌లో వచ్చిన ప్రతి వీడియో దానంతటదే దిగకుండా వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేశాం. షార్ట్ వీడియోలు స్క్రోల్ చేస్తున్నప్పుడు మీరు చూడని తర్వాతి వీడియో కూడా ముందే దిగుతుందని గుర్తుంచుకోండి.

ఐదు. అమెరికాలో ఉన్న మన స్టూడెంట్స్‌కి: ప్లాన్ కొనేముందు డాలర్లు, జీబీలు చూసి ఆగిపోకండి. "వీడియో రిజల్యూషన్" అనే లైన్ వెతకండి. కొన్నాక ఫాస్ట్ డాట్ కామ్‌లో ఒకసారి, మామూలు స్పీడ్ టెస్ట్‌లో ఒకసారి చూడండి. రెండింటికీ పొంతన లేకపోతే ఫోన్ మార్చకండి, ప్లాన్ కాగితం చదవండి.

చివరగా ఒక మాట, ఇది నామీద నేనే వేసుకుంటున్న కంప్లైంట్. ఇదంతా సర్దాక చెల్లి అంది: "అన్నయ్యా, నీ వీడియోలు కూడా అంతే. స్క్రీన్ మీద నువ్వు పెట్టే కోడ్, సెట్టింగ్స్, ఒక్క అక్షరం కనపడదు నాకు." రెండేళ్లుగా నేను పెద్ద మానిటర్ మీద ఎడిట్ చేసి, 1080పీలో చూసుకుని, "బాగుంది" అని అప్‌లోడ్ చేస్తున్నాను. ప్లేయర్ మీద పనిచేసినవాణ్ని, ఈ చివర ఎవరు చూస్తున్నారో ఆలోచించలేదు. కాబట్టి ఇకనుంచి స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవిగా ఉంటాయి. ప్రతి ఎపిసోడ్‌నీ పబ్లిష్ చేసేముందు 360పీలో ఒకసారి చూస్తాను. నాకు కనపడకపోతే మీకూ కనపడదు.

ఈ సైట్‌లో ప్రతి ఎపిసోడ్ పాఠం పెడుతున్నదీ అందుకే. తెలుగు అక్షరం ఒక్కోటి కంప్యూటర్‌లో సాధారణంగా మూడేసి బైట్ల కోడ్‌లతో నిల్వ అవుతుంది, ఇంగ్లిష్ కంటే ఎక్కువే. అయినా నేను ఇప్పటిదాకా మాట్లాడిందంతా అక్షరాల్లో పెడితే 100 కేబీ దాటదు. కోటా మొత్తం అయిపోయి, 64 కేబీపీఎస్ మీద ఉన్న ఫోన్‌లో కూడా ఆ అక్షరాలు పదిహేను సెకన్లలోపే వచ్చేస్తాయి. మైనస్ గుర్తులతో సహా.

చెల్లికి ఆ ప్రాబ్లమ్ ఆ రాత్రే వచ్చేసింది. మైనస్ పెట్టగానే మూడు లైన్లలో ఆన్సర్. "నాకు సబ్జెక్ట్ రాక కాదన్నమాట" అంది. కాదమ్మా, కానే కాదు.

మీ ప్లాన్ ఏంటి, రోజుకి ఎంత డేటా, ఏ క్వాలిటీలో చదువుకుంటున్నారు, నాకు రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో మీ లెక్కలు కూడా వేద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి. నమస్తే.